పడని చేప మీద పడి ఏడుపెందుకు?

"చేప పడలేదు" అనే మాట మా ఇంట్లో ప్రతి ఆదివారం పొద్దుగూకే వేళకి వినపడుతుంది. చెప్పేది మావారు. తప్పు మాత్రం ఎప్పుడూ చేపదే!

ఒకవారం చేపకి పొగరు. ఇంకోవారం చేపకి బద్ధకం. మరోవారం గాలి తిరిగిందట, అందుకని చేప అలిగిందట. వెంట వెళ్ళే స్నేహితుడు ఇంకా ఘనుడు. "ఆడ కొర్రమట్ట అయ్యుంటది వదినా, గందుకే గంత బెట్టు" అని నా ముఖం మీదే అనేసి, నేనిచ్చిన టీ తాగి, కప్పు టీపాయి కింద పెట్టి వెళ్ళాడు. ఆ కప్పు తీస్తున్నప్పుడే ఈ వ్యాసం రాయాలనిపించింది. కానీ రాసేంత కోపం రావడానికి శ్రావణమాసం దాకా పట్టింది.

ఏ చెరువో చెప్పను. సంగారెడ్డి దాటాక వస్తుందని మాత్రం చెబుతాను. పేరు రాస్తే వచ్చే ఆదివారానికి గట్టు మీద గొడుగులు మొలుస్తాయి. మంజీర డ్యామ్ దగ్గర కాదు లెండి. అక్కడ 1978 నుంచి అభయారణ్యం, నీళ్ళలో మొసళ్ళు. గాలం వేసినవాడే ఎర అయ్యే చోటు అది. వీళ్ళు వెళ్ళేది మామూలు ఊరచెరువుకి. మత్స్య సహకార సంఘంవాళ్ళని బతిమాలుకుని, ఎంతో కొంత ముట్టజెప్పి కూర్చుంటారు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి నేను పూరీలు చేసి కట్టివ్వాలి. వాళ్ళు కొన్న కర్రలకీ, చక్రాలకీ, దారాలకీ అయిన డబ్బు పెట్టి హైదరాబాద్ రామ్‌నగర్ మార్కెట్‌కి వెళ్తే ఏడాదంతా చేపల పులుసు తినొచ్చు. ఆ లెక్క ఒకసారి చెప్పాను. "నీకు సరదా అంటే ఏంటో తెల్వది" అన్నారు. నాలుగింటికి పూరీలు వత్తేవాళ్ళకి సరదా ఎలా తెలుస్తుంది?

సరే, చేప సంగతికొద్దాం. వీళ్ళకి రవ్వలూ బొచ్చెలూ ఆనవు. కావలసింది కొర్రమట్ట. కొరమీను అన్నా, కొర్రమీను అన్నా అదే. పాములాంటి తల, నల్లటి ఒళ్ళు, పక్కలకి చారలు. ముళ్ళు తక్కువ, ధర ఎక్కువ. బాలింతలకి బలమని పెట్టేదీ అదే. మిర్గం నాడు చేపమందు కోసం నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో జనం గొంతులోకి జారేది కూడా దీని పిల్లే. 2016లో దీన్ని తెలంగాణ రాష్ట్ర చేప అన్నారు. బిరుదిచ్చి వండుకోవడం మనకి కొత్తేం కాదు. ఇంటి ఆడదాన్ని గృహలక్ష్మి అనడం లేదూ?

ఈ చేపకి ఒక గుణం ఉంది. నీళ్ళలో ఉన్నా పైగాలి పీల్చుకోవాలి. అందుకని ఉండుండి పైకి వచ్చి, గుటుక్కుమని ఒక గుక్క గాలి మింగి, మళ్ళీ కిందికి పోతుంది. గట్టు మీది మగమహారాజులకి ఆ గుటుక్కు వినపడుతుంది, నీళ్ళ మీది వలయం కనపడుతుంది. చేప అక్కడే ఉంది! బారెడు దూరంలో ఉంది! అయినా ఎర ముట్టదు. ఆ ఉక్రోషం అంతా ఇంతా కాదు. లేని చేప పడకపోతే మనిషి ఊరుకుంటాడు కానీ, ఉన్న చేప పడకపోతే ఓర్చుకోలేడు.

ఎందుకు ముట్టాలి చెప్పండి? అది మాటు వేసి వేటాడే చేప. తామరాకుల కిందో, తుంగలోనో కదలకుండా ఉండి, కప్పనో చిన్నచేపనో ఒక్క పెట్టున పట్టేసి, కడుపు నిండాక మళ్ళీ కదలకుండా పడుకుంటుంది. చలికాలం నీళ్ళు చల్లబడితే మందకొడిగా ఉంటుంది. ఎండాకాలం చెరువెండితే బురదలో దూరి వాన కోసం కాచుక్కూర్చుంటుంది. అంత ఓపిక ఉన్న ప్రాణి మీ ఆదివారం సెలవు చూసుకుని ఆకలి తెచ్చుకోవాలా? మనకి ఆకలి లేకపోతే "వద్దు" అంటాం. చేప "వద్దు" అంటే పొగరు.

(పెళ్ళిచూపుల్లో అబ్బాయి వద్దంటే "నచ్చలేదట" అంటారు. అమ్మాయి వద్దంటే "పొగరట" అంటారు. ఎందుకో ఇక్కడ గుర్తొచ్చింది.)

మొన్నటి శ్రావణంలో ఒక ఆదివారం మావారు ముఖం వెలిగిపోతూ వచ్చారు. చేతిలో సంచి. సంచిలో మోచేతి పొడవు కొర్రమట్ట, ఇంకా తోక కొడుతూనే ఉంది. వీధి వాకిట్లోంచే కేక: "మసాలా నూరు!"

నేను చేపలు తినని దాన్ని కాను. మిర్గం నాడు మా అమ్మ చేతి చేపల పులుసు తినకుండా పెరిగిన ఏడాది లేదు. రోకలి తీసి, ధనియాలు వేయించడం మొదలుపెట్టాను కూడా. అప్పుడు మా చిన్నది, నాన్నతో పోయొచ్చింది, వంటింటి గడప మీద కూర్చుని మెల్లగా అంది: "అమ్మా, దాని పిల్లలు అక్కడే ఉన్నయి."

ఏం పిల్లలే అన్నాను.

ఎర్రగా, నిప్పుకణాల్లా, వందల కొద్దీ పిల్లలు గట్టు వారగా నీళ్ళ పైన ఒకే గుంపుగా తిరుగుతున్నాయట. వాటి కింద ఈ చేప. నాన్న రబ్బరు కప్పని తెచ్చి సరిగ్గా ఆ పిల్లల గుంపు మీద వేశారట. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. మూడోసారికి నీళ్ళు పగిలినట్టు చప్పుడైందట. "అది తినడానికి రాలేదమ్మా, కొట్టడానికొచ్చింది" అంది.

తొమ్మిదేళ్ళ పిల్లకి అర్థమైంది. యాభై దాటిన మనిషికి అర్థం కాలేదనుకోను. అర్థమయ్యే వేశారు. అదీ నా కోపం.

సంగతేమిటంటే, తొలకరి తర్వాత కొర్రమట్ట గట్టు వారన, పచ్చిక మధ్య కాస్త చోటు శుభ్రం చేసుకుని గుడ్లు పెడుతుంది. గుడ్లు నీటి మీద తేలుతుంటాయి. పిల్లలు పుట్టాక కొన్ని వారాలపాటు తల్లీ తండ్రీ వాటి కింద కాపలా తిరుగుతాయి. (తండ్రి కూడానండీ! ఆ మాటకొస్తే కాపలాలో తండ్రిదే పెద్ద చెయ్యి అని కూడా చెబుతారు. ఇది మా ఇంట్లో గట్టిగా చదివి వినిపించాను.) ఆ రోజుల్లో దానికి తిండి ధ్యాస కన్నా పిల్లల ధ్యాస ఎక్కువ. దగ్గరికి కప్ప వచ్చినా, పాము వచ్చినా, మనిషి కాలు వచ్చినా మీద పడుతుంది. ఏడాదంతా ఏ ఎరకీ లొంగని చేప అప్పుడు రబ్బరు బొమ్మకి పడుతుంది. ఆకలికి కాదు, ఆశకి కాదు, రుచికి కాదు. దాన్ని సంచిలో వేసుకుని ఇంటికొచ్చాక ఆ గుంపు గతి ఏమవుతుందో చెప్పడానికి మత్స్యశాస్త్రం అక్కర్లేదు. చెరువులో మిగతా చేపలున్నాయి, పైన కొంగలున్నాయి.

పొయ్యి ఆర్పేశాను. వండనన్నాను.

ఇక చూడండి వాదనలు! "కోడిని తింటవు. కోడికి పిల్లలుండవా?" తింటాను. కానీ కోడిపిల్లని కాలితో తొక్కి, అది అరిస్తే ఉరికొచ్చిన తల్లికోడిని పట్టుకునేవాణ్ణి మన వాకిట్లో ఎవరైనా వేటగాడంటారా? "చేపకేం తెలుస్తది?" మరి తెలియని దాన్ని పిల్లలతో మభ్యపెట్టడం దేనికి, మామూలు ఎరతో పట్టరాదూ? "అందరూ అట్లనే పడతరు." ఈ జవాబు విన్నాక నేను మాట్లాడలేదు. వరకట్నానికీ ఇదే జవాబు విన్నాను మరి.

ఆ చెరువు మీదే బతికే ముసలాయన ఒకాయన మా వీధికి చేపలు తెస్తాడు. ఆయన్ని అడిగాను. గంప దించి, తలపాగా తీసి తుడుచుకుంటూ అన్నాడు: "పిల్లలున్నప్పుడు పట్టుడు పెద్ద పనా బిడ్డా? పసిపోరడు గుడ పడతడు. దాన్ని పట్టినోడు కొర్రమట్టను పట్టిన అని చెప్పుకోవద్దు." పొట్టకూటికి వల వేసేవాడితో నాకు తగాదా లేదు. ఇంట్లో గింజలు లేని పూట ఆయన కూడా పట్టే ఉంటాడు. నేనడగలేదు, అడిగే హక్కూ లేదు. నా తగాదా సరదాకి పట్టి, ఫోటో దిగి, పౌరుషం అనుకునేవాళ్ళతోనే.

ఇది చేపతో ఆగే విషయమైతే మావారితో పోట్లాడి ఊరుకునేదాన్ని. పత్రికకెక్కేదాన్ని కాదు. ఆ రాత్రి నిద్రపట్టక ఆలోచిస్తుంటే ఈ పద్ధతి నాకు కొత్తదనిపించలేదు. మీకూ అనిపించదు.

పెళ్ళయిన కొత్తలో మా మేనత్త కూతురు పుట్టింటికి వచ్చేసింది. చదువుకున్న పిల్ల, మాట పడే రకం కాదు. చీరలు పెడతామన్నారు, నగలు చేయిస్తామన్నారు. పోలేదు. పెద్దమనుషులొచ్చారు, పోలేదు. రెండేళ్ళ పిల్లాణ్ణి అక్కడే అట్టిపెట్టుకుని "వాడు అమ్మా అమ్మా అని ఏడుస్తున్నాడు" అని కబురు పంపారు. అదే రాత్రి ఆఖరి బస్సు ఎక్కింది. తరవాత పాతికేళ్ళు ఆ ఇంట్లో ఎలా బతికిందో మా వైపు వాళ్ళందరికీ తెలుసు. "పిల్లల ముఖం చూసి సర్దుకుపోయింది, మహాతల్లి" అని ఇప్పటికీ పొగుడుతారు. పిల్లల ముఖం చూపించిందెవరో మాత్రం ఎవరూ అడగరు.

పిల్లల ముఖం చూసి! ఎంత తియ్యటి మాట! ఉద్యోగం మానెయ్యమనడానికీ ఇదే, మానిన ఉద్యోగం మళ్ళీ చెయ్యమనడానికీ ఇదే. తాగొచ్చి కొట్టినవాడి తలుపు తియ్యమనడానికీ ఇదే. పుట్టింటి వాటా అడగమనడానికీ, అడగొద్దనడానికీ కూడా ఇదే పనికొస్తుంది. తల్లి ప్రేమ గొప్పదని సభల్లో చెప్పేవాళ్ళకి ఆ ప్రేమ ఎంత గట్టి గాలమో మనకంటే బాగా తెలుసు.

ఒక్క ఆడవాళ్ళనే ఏమిటి? మా చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఈ ఎరకే పడ్డాయి. 1970ల్లో పటాన్‌చెరు చుట్టూ కంపెనీలు రావడం మొదలైంది. ఆ కాలపు ముసలివాళ్ళని అడిగితే ఇప్పటికీ చెబుతారు: నాలుగు పైసలెక్కువిస్తామంటే భూమి ఇవ్వనివాడు కూడా "నీ పిల్లలకు నౌకరొస్తది" అంటే వేలిముద్ర వేశాడట. నౌకర్లు కొందరికొచ్చాయి. రాలేదనను. మావారు పాశమైలారంలోనే పని చేస్తారు, మా ఇంట్లో ఉడికే బియ్యం ఆ జీతంవే. కానీ ఆ పిల్లలు తాగాల్సిన నీళ్ళేమయ్యాయి? నక్కవాగు మంజీరలో కలుస్తుంది. చిట్కుల్, బచ్చుగూడెం లాంటి ఊళ్ళకి ఒకప్పుడు సాగునీరిచ్చిన వాగది. కంపెనీల మురికి దాన్ని ఏం చేసిందో చెప్పుకోవడానికి 1990లో కేసు సుప్రీంకోర్టు దాకా పోవలసి వచ్చింది. పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ కిషన్‌రావుగారు రోగుల్ని చూడటంతో ఆగక ఈ నీళ్ళ కోసం ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఒక లెక్క అచ్చు వేశారు. సుమారు తొంభై మందుల కంపెనీల మురికి చేరే పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి, శుద్ధి అయ్యాక బయటికొచ్చిన నీళ్ళలో, లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందట! మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో కూడా అంత మందు ఉండదు. 2017 అక్టోబరులో అమీన్‌పూర్ దగ్గర గండిగూడెం చెరువులో చేపలు కుప్పలుగా చచ్చి తేలితే జనం ముక్కు మూసుకుని చూసి వచ్చారు.

అలాంటి చెరువుల గట్ల మీద కూడా గాలాలు వేసి కూర్చునేవాళ్ళని చూశాను. బస్సులో పోతూ దిగి మరీ అడిగాను. "ఇంతకుముందు మస్తు పడేటియి, ఇప్పుడు పడతలేవు మేడమ్" అన్నాడొక కుర్రాడు. పడటంలేదట! అక్కడా తప్పు చేపదే. నీళ్ళలో ప్రాణవాయువు తగ్గితే రవ్వా బొచ్చే ముందు పోతాయి. పైగాలి పీల్చే కొర్రమట్ట ఇంకొన్నాళ్ళు నెట్టుకొస్తుంది. విషానికి అదీ తట్టుకోలేదనుకోండి. కాబట్టి అలాంటి చెరువులో చేప పడకపోతే ఇంటికెళ్ళి దణ్ణం పెట్టుకోవాలి. పడితేనే భయపడాలి.

మా పెద్దక్క కొడుకు అమెరికాలో, మేరీలాండ్‌లో ఉంటాడు. వాడికీ ఈ పిచ్చి అంటుకుంది. అక్కడి చీసాపీక్ అఖాతంలో చారల చేప ఉందట. స్ట్రైప్డ్ బాస్ అంటారు, ఆ రాష్ట్రంవాళ్ళు రాక్‌ఫిష్ అంటారు. ఫోన్‌లో వాడి గోడూ అదే: "కండ్ల ముందు తిరుగుతది చిన్నమ్మా, ఎర ముట్టదు." మేనరికం కాకపోయినా మావారి పోలికే! అయితే వాడే ఇంకో సంగతి చెప్పాడు. 1970ల చివరికి ఆ చేప బాగా తగ్గిపోయిందట. 1984లో అమెరికా పార్లమెంటు దాని కోసమే ఒక చట్టం చేసింది. 1985 నుంచి 1990 దాకా మేరీలాండ్‌లో ఆ చేపని పట్టడం పూర్తిగా ఆపేశారు. ఎదిగిన ఆడచేపలు గుడ్లు పెట్టేదాకా ఆగారన్నమాట. 1995కి చేప కోలుకుందని ప్రకటించారు. 2019లో మళ్ళీ తగ్గిందని తేలితే మళ్ళీ కట్టుబాట్లు బిగించారు. గుడ్లు పెట్టే నదుల్లో ఆ ఋతువులో ఇప్పటికీ దాని జోలికి పోకూడదట. వాళ్ళేదో ధర్మాత్ములని నేననను. చేప లేకపోతే సరదా లేదని లెక్క వేసుకున్నారు, అంతే. ఆ లెక్కైనా మనకి రాకూడదా? రాష్ట్ర చేప అని పేరు పెట్టుకున్నాం, ఉచితంగా చెరువుల్లో చేపపిల్లల్ని పోసే పథకం కూడా 2016లోనే పెట్టుకున్నాం. పోసే పిల్లల్ని లెక్కబెడతాం. తనంత తనే పెంచుకుంటున్నదాన్ని మాత్రం పిల్లల మీద రబ్బరు కప్ప విసిరి పట్టుకుంటాం.

మావారు ఇది చదివారు. (అచ్చుకి పంపేముందు చదివించడం మా ఇంటి ఒప్పందం. దిద్దే హక్కు లేదు.) "నన్ను రాక్షసుణ్ణి చేసినవ్" అన్నారు. చెయ్యలేదు. ఆయన మంచి తండ్రి. చిన్నదానికి జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ వేసేది ఆయనే. అందుకే మరీ కష్టంగా ఉంది. ఆ చేప ఎందుకు మీద పడిందో ఆయనకంటే బాగా ఎవరికి తెలుస్తుంది?

ఆ రోజు సంచిలోది స్నేహితుడింటికి పోయింది. అక్కడ వండారు. రుచిగా ఉందని కబురు కూడా వచ్చింది, ఊరుకోకుండా. మేము పచ్చిపులుసూ, కందిపప్పూ తిన్నాం. చిన్నది పప్పు కూడా సరిగ్గా తినలేదు.

రబ్బరు కప్ప నా బీరువాలో, పట్టుచీరల కింద ఉంది. పచ్చగా, పొట్ట కింద రెండు ముళ్ళతో, చూస్తే నిజం కప్పే. మామూలు గాలం, వానపాములు, బెండు అన్నీ ఆయన చేతికే ఇచ్చాను. వెళ్ళి కూర్చోండి, పడితే తెండి, కడిగి మసాలా పెట్టి వండుతానన్నాను. పోయిన ఆదివారం వెళ్ళొచ్చారు. పడలేదు. వస్తూనే తాళం అడిగారు. కార్తీకం దాకా ఇవ్వనన్నాను. బజార్లో ఇంకో కప్ప కొనుక్కుంటానన్నారు.

కొనుక్కోండి, వండేవాళ్ళని కూడా అక్కడే చూసుకోండి అన్నాను.